ఎండలు ముదిరాక బ్రెడ్ మెషీన్‌లో రొట్టె కుంగిపోతోంది, కారణం చెప్పగలరా?

కృష్ణలంక_శారద
ఈ జనవరిలో బ్రెడ్ మెషీన్ కొన్నాము. మార్చి వరకు రొట్టె పైభాగం గుండ్రంగా పొంగి, లోపల మెత్తగా, చక్కగా వచ్చేది. ఏప్రిల్ నుండి అదే మైదా, అవే కొలతలు, అదే ప్రోగ్రాం వాడుతున్నప్పటికీ, పిండి మూతను తాకేంతగా పొంగి, కాలడం మొదలైన కాసేపటికే నడిమి భాగం గుంటపడుతోంది. కోసి చూస్తే పైన పెద్ద పెద్ద రంధ్రాలు, అడుగున తడి ముద్ద కనిపిస్తున్నాయి. కొలతలు ఇవి: మైదా 400 గ్రాములు, నీళ్లు 270 మిల్లీలీటర్లు, పంచదార 25 గ్రాములు, వెన్న 25 గ్రాములు, ఉప్పు ఒక టీస్పూను, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒకటిన్నర టీస్పూను. ఇవన్నీ మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నవే. హీటర్ పాడైందని, వారంటీ ఉండగానే సర్వీసుకు పంపాలని మావారు అంటున్నారు. పంపే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

తెనాలి_అన్నపూర్ణ
మీరు ఏ వేళప్పుడు మెషీన్ పెడుతున్నారు? ఆ సమయంలో వంటింట్లో వేడి ఎంత ఉంటోంది?

కృష్ణలంక_శారద
మధ్యాహ్నం భోజనాలు అయ్యాక పెడతాను. గోడ గడియారంలోని థర్మామీటరు 37, 38 డిగ్రీలు చూపుతోంది. కుళాయి నీళ్లు కూడా వేడిగానే వస్తున్నాయి.

బేకరీ_పెద్దాయన
శారద గారూ, మెషీన్‌ను సర్వీసుకు పంపవద్దు. హీటర్ పాడైతే పిండి అంత ఎత్తుకు పొంగి, ఆ తరువాత కుంగే ప్రశ్నే రాదు. రొట్టె పచ్చిగా, తెల్లగా మిగిలిపోతుంది. మీ రొట్టె అతిగా పులిసి కుంగుతోంది. రాజమహేంద్రవరంలో చాలా ఏళ్లు బేకరీ నడిపినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

బ్రెడ్ మెషీన్ గడియారాన్ని చూస్తుంది కాని పిండిని చూడదు. ఇంత సేపు కలపాలి, ఇంత సేపు పొంగనివ్వాలి, ఇంత సేపు కాల్చాలి అని దానిలో ముందే రాసి ఉంటుంది. ఆ సమయాలను 20 నుండి 25 డిగ్రీలు ఉండే వంటింటిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయిస్తారు. పిండి చల్లగా ఉంటే మెషీన్ హీటర్ వేసి వెచ్చబరచగలదు; పిండి వేడెక్కిపోతే దానిని చల్లబరిచే సాధనం మాత్రం అందులో లేదు. ఎండాకాలంలో ఇడ్లీ పిండి తెల్లవారేసరికి గిన్నె దాటి పొంగినట్టే, ఇక్కడ ఈస్ట్ తన పనిని గంట ముందే ముగించేస్తుంది. లోపల చేరిన గాలిని పట్టి ఉంచలేనంతగా గ్లూటెన్ (పిండికి సాగే గుణాన్ని, బిగువును ఇచ్చే ప్రోటీన్) సాగిపోయిన తరువాత హీటర్ మొదలవుతుంది. అప్పుడు పైకప్పు కూలక తప్పదు.

కలపడం పూర్తయ్యేసరికి పిండి ముద్ద వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలన్నది మా లెక్క. 26ని మూడుతో హెచ్చిస్తే 78 వస్తుంది. అందులోనుండి గది వేడిని, పిండి వేడిని, కలిపేటప్పుడు రాపిడి వలన పెరిగే వేడిని తీసివేస్తే మిగిలేదే నీళ్లకు ఉండవలసిన వేడి. మీ గది 38, డబ్బాలోని మైదా 36, రాపిడికి 5 అనుకుంటే మిగిలేది సున్నా కంటే తక్కువ. అంటే చల్లని నీళ్లు కూడా చాలవు. మైదాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి 10 డిగ్రీలకు తెస్తే, అదే లెక్క ప్రకారం నీళ్లు 25 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. కుండలోని నీళ్లు ఇంచుమించు ఆ వేడిలోనే ఉంటాయి. కాబట్టి ముందు పిండిని చల్లబరచండి, ఈస్ట్‌ను ఒక టీస్పూనుకు తగ్గించండి.

హనుమకొండ_వసంత
పెద్దాయన గారి లెక్కను గౌరవిస్తూనే వేరే మాట చెప్పదలచుకున్నాను. ఇందులో మైదా తప్పు కూడా ఉంది. మెషీన్‌తో వచ్చే పుస్తకాలను సాధారణంగా బ్రెడ్ ఫ్లోర్ దొరికే దేశాల కోసం రాస్తారు. ఆ పిండిలో ప్రోటీన్ 12 నుండి 13 శాతం ఉంటుంది. మన దుకాణాల్లో దొరికే మైదా చాలావరకు 9, 10 శాతం దగ్గర ఉంటుంది. ప్రోటీన్ తక్కువగా ఉన్న పిండి నీటిని తక్కువగా పీలుస్తుంది. 400 గ్రాముల మైదాకు 270 మిల్లీలీటర్లు అంటే 67 శాతం దాటింది. ఆ మైదాకు 60 శాతం, అంటే 240 మిల్లీలీటర్లు చాలు. అడుగున తడి ముద్ద మిగలడానికి నీళ్లు ఎక్కువ కావడమే కారణమని నా అభిప్రాయం.

డెన్వర్_ప్రసాదు
వసంత గారు చెప్పిన అంకెలు నిజమే. ఇక్కడ నేను వాడే కింగ్ ఆర్థర్ బ్రెడ్ ఫ్లోర్ సంచి మీద 12.7 శాతం అనీ, అదే సంస్థ ఆల్ పర్పస్ ఫ్లోర్ మీద 11.7 శాతం అనీ రాసి ఉంటుంది. అమెరికా వంటకాలను చూసి మైదాతో చేసేవారు ముందుగా నీళ్లు తగ్గించాలి.

నాకూ రొట్టె కుంగేది. మా ఊరు సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉన్నందున గాలి ఒత్తిడి తక్కువ. పిండిలోని వాయువు ఎక్కువగా వ్యాకోచించి, పిండి త్వరగా పొంగుతుంది. ఈస్ట్‌ను నాలుగో వంతు తగ్గించి, ఉప్పు సరిగ్గా తూచి వేయడంతో నా రొట్టె నిలబడింది. కారణం వేరైనా మందు ఒకటే.

కృష్ణలంక_శారద
మరి జనవరిలో అవే 270 మిల్లీలీటర్లు వేసినా రొట్టె నిలిచింది కదా, వసంత గారూ?

హనుమకొండ_వసంత
చలికాలంలో ఈస్ట్ నెమ్మదిగా పని చేసి, మెత్తని పిండిని కూడా కాపాడి ఉంటుంది. పైగా వేడి పెరిగిన కొద్దీ పిండి మరింత జారుగా అవుతుంది. వేడి, నీళ్లు రెండూ కలిసి మీ రొట్టెను కూల్చాయని అంటే పెద్దాయన గారు కూడా కాదనరని అనుకుంటున్నాను.

బేకరీ_పెద్దాయన
కాదనను. నీళ్ల విషయంలో వసంత గారి మాటే సరైనది. ఉప్పు గురించి కూడా చెప్పాలి. మీరు వేసే టీస్పూను ఉప్పు ఐదారు గ్రాములు ఉంటుంది. పిండి బరువులో 2 శాతం, అంటే 8 గ్రాముల వరకు వేయవచ్చు. ఉప్పు రుచి కోసం మాత్రమే కాదు. అది ఈస్ట్ వేగాన్ని అదుపులో పెడుతుంది, గ్లూటెన్‌ను బిగిస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు పూర్తిగా మానేసి రొట్టె చేసుకోవాలనుకుంటే ఈస్ట్‌ను కూడా బాగా తగ్గించవలసి ఉంటుంది.

పాలకొల్లు_పద్మజ
కప్పులతో కొలవడం మాని, చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. ఒకే కప్పులో పిండిని వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150 గ్రాములు వస్తుంది. శారద గారు ఎలాగూ గ్రాముల్లోనే చెప్పారు. కొత్తగా చేరినవారి కోసం రాస్తున్నాను.

తెనాలి_అన్నపూర్ణ
కలపడం మొదలైన ఏడెనిమిది నిమిషాలకు మూత తీసి చూడడానికి భయపడవద్దు. ఆ దశలో మూత తీసినందువల్ల రొట్టెకు ఏ నష్టమూ లేదు. పిండి ఒకే ముద్దగా చేరి, గిన్నె గోడలను వదిలి తిరుగుతూ ఉండాలి. వేలితో తాకితే కొంచెం అంటుకున్నట్టు ఉండి వదిలేయాలి. అడుగున జారుగా పరచుకుంటే ఒక టేబుల్ స్పూను మైదా, గట్టిగా గుద్దుకుంటూ తిరుగుతుంటే ఒక టేబుల్ స్పూను నీళ్లు వేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. మా వైపు వానాకాలంలో పిండి గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, అదే కొలతకు నీళ్లు తక్కువ పడతాయి. మూత తీయకూడనిది రెండోసారి పొంగేటప్పుడు, కాలేటప్పుడు మాత్రమే.

ఉప్పల్_ఇంజినీరు
ఈ వేడి సమస్య యంత్రం పుట్టినప్పటి నుండి ఉన్నదే. 1980లలో జపాన్‌లో మత్సుషిత సంస్థ ఇంటి బ్రెడ్ మెషీన్ రూపొందిస్తున్నప్పుడు పిండి సరిగా కలవకపోవడంతో, ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ నిపుణురాలు ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లోని ప్రధాన రొట్టె నిపుణుడి దగ్గర శిష్యరికం చేశారు. పిండిని సాగదీస్తూ మెలితిప్పే ఆయన చేతి కదలికను గమనించి, గిన్నె లోపలి గోడలకు ఉబ్బెత్తు గీతలు పెట్టించారు. ఆ తరువాత, వేడి వాతావరణంలో పిండి అతిగా పులియకుండా ఉండేందుకు, ఈస్ట్‌ను మొదటే కాకుండా పిండి కలిసిన తరువాత వేసే పద్ధతిని ఆ బృందం ఎంచుకొంది. యంత్రం 1987లో అమ్మకానికి వచ్చింది. ఇప్పటికీ కొన్ని మెషీన్ల మూతలో ఈస్ట్ కోసం విడిగా చిన్న అర ఉండేది అందుకే.

అర లేని మెషీన్‌లో కూడా ఇది చేయవచ్చు. ఈస్ట్ లేకుండా కలపడం మొదలుపెట్టి, ముద్ద కట్టిన తరువాత, కలపడం ఇంకా మిగిలి ఉండగానే ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను పైన చల్లాలి. నీళ్లలో నానబెట్టవలసిన రకం ఈస్ట్ దీనికి పనికిరాదు.

కృష్ణలంక_శారద
ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మైదాను ఫ్రిజ్‌లో పెట్టాను. రేపు ఉదయం ఆరింటికే మొదలుపెడతాను.

మెహిదీపట్నం_నజీర్
నా అభిప్రాయం వేరు. మా హైదరాబాదులో ఏ వీధి చివర చూసినా బేకరీ ఉంది. ఇరానీ హోటల్ బన్ను, డబల్ కా మీఠాకు వాడే డబల్ రొట్టె తాజాగా దొరుకుతుంటే, వేలు పోసి ఒక యంత్రం కొని, లెక్కలు వేసి, రోజుకో రొట్టె చేసుకోవడం అవసరమా? ఓవెన్ ఉన్నవారు చేత్తో కలిపినా ఇంకా మంచి రొట్టె వస్తుంది. మెషీన్ రొట్టె అడుగున పిండి కలిపే రెక్క చేసిన రంధ్రం ఉంటుంది, పైపొర కరకరలాడదు.

పాలకొల్లు_పద్మజ
నజీర్ గారూ, మీ ఊరి బన్నుకు సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని నేను ఇంట్లో చేయడం మొదలుపెట్టింది 2016 తరువాత. ఆ సంవత్సరం ఢిల్లీలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం అక్కడి దుకాణాల బ్రెడ్డులో, పిండికి బలం రావడానికి కలిపే రసాయనాలైన పొటాషియం బ్రోమేట్, పొటాషియం అయోడేట్ జాడలను బయటపెట్టింది. ఆ వెంటనే జూన్‌లో ఆహార భద్రతా సంస్థ బ్రోమేట్‌ను నిషేధించింది. నిషేధం మంచిదే, కాని మా పిల్లలు తినే రొట్టెలో ఏమేమి ఉన్నాయో నా చేత్తో వేసుకుంటేనే నాకు నిశ్చింత. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, కొంచెం నూనె. అంతకంటే ఏమీ అక్కరలేదు.

బేకరీ_పెద్దాయన
నజీర్ గారు పైపొర గురించి అన్నది వాస్తవమే. మెషీన్ గిన్నెలో ఆవిరి బయటకు పోయే దారి తక్కువ, పైనుండి వచ్చే వేడీ తక్కువ. అందుకే నేను ఇంట్లో మెషీన్‌ను 'డో' ప్రోగ్రాంలో మాత్రమే పెట్టి, కలపడం, మొదటిసారి పొంగడం దానికి వదిలేస్తాను. తరువాత పిండిని టిన్నులోకి మార్చి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర కాలుస్తాను. కీళ్ల నొప్పులున్న వయసులో పావుగంట సేపు చేత్తో పిండి పిసకడం కష్టం కనుక, ఆ పని యంత్రానికి అప్పగించడంలో తప్పేమీ కనిపించదు.

హనుమకొండ_వసంత
ఓవెన్ లేనివారి సంగతి కూడా ఆలోచించాలి. మెషీన్ 550 నుండి 700 వాట్ల లోపే తీసుకుంటుంది, కాలే గంట సేపు తప్ప మిగతా సమయంలో కరెంటు ఖర్చు స్వల్పం. పైగా వేసవిలో వంటిల్లు అంతగా వేడెక్కదు.

కొత్తగూడెం_సరళ
అమ్మాయి అమెరికా నుండి వస్తూ తన బ్రెడ్ మెషీన్ తెచ్చి ఇచ్చింది. మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 550 వాట్లు అని ఉంది. ప్లగ్గు మార్చి వాడుకోవచ్చా?

ఉప్పల్_ఇంజినీరు
ప్లగ్గు మాత్రమే మార్చి పెట్టవద్దు, సరళ గారూ. వోల్టేజి దాదాపు రెట్టింపైతే హీటర్ తీసుకునే శక్తి ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. మెషీన్ కాలిపోతుంది, మంటలు కూడా రావచ్చు. 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్, అదీ 1,000 వాట్లకు తగ్గనిది తీసుకోండి. మిక్సీల కోసం అమ్మే చిన్నవి చాలవు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక కొన్ని రకాల మోటార్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి; పిండి సరిగా కలవలేదనిపిస్తే, కలపడం పూర్తయ్యాక ఆపి ప్రోగ్రాంను మళ్లీ మొదటి నుండి పెట్టండి.

కొత్తగూడెం_సరళ
మధ్యలో కరెంటు పోతే?

ఉప్పల్_ఇంజినీరు
చాలా మెషీన్లు కొన్ని నిమిషాల పాటు తాము ఎక్కడ ఆగాయో గుర్తుంచుకుంటాయి. అంతకు మించితే మొదటికి వస్తాయి. పొంగుతున్నప్పుడు పోతే, కరెంటు వచ్చాక 'బేక్' ప్రోగ్రాం ఒక్కటి పెట్టి కాల్చుకోవచ్చు.

కృష్ణలంక_శారద
మైదా ఫ్రిజ్‌లోనిది 400 గ్రాములు, కుండ నీళ్లు 240, ఈస్ట్ ఒక టీస్పూను, ఉప్పు 8 గ్రాములు వేసి ఉదయమే పెట్టాను. పైభాగం గుండ్రంగా నిలిచింది, అడుగున తడి లేదు. రంధ్రాలు సన్నగా, సమానంగా ఉన్నాయి. అయితే పూర్వం కంటే రొట్టె ఎత్తు కాస్త తగ్గింది. మెషీన్‌ను సర్వీసుకు పంపే ఆలోచన మావారు మానుకున్నారు. ఇప్పుడు ఆయనే మెషీన్ మూత మీది చిన్న కిటికీలోంచి తొంగి చూస్తూ పొంగు ఎంత వచ్చిందో నాకు చెబుతున్నారు.

హనుమకొండ_వసంత
చాలా సంతోషం. ఎత్తు కావాలంటే గ్లూటెన్ పొడి వేయండి. దానిలో ప్రోటీన్ 75 శాతం పైనే ఉంటుంది. 400 గ్రాముల మైదాలో 15 గ్రాములు తీసివేసి, ఆ స్థానంలో 15 గ్రాముల గ్లూటెన్ పొడి వేస్తే మొత్తం ప్రోటీన్ ఇంచుమించు 12 శాతానికి చేరుతుంది. అప్పుడు నీళ్లు 15, 20 మిల్లీలీటర్లు పెంచుకోవచ్చు.

తెనాలి_అన్నపూర్ణ
నాకు గ్లూటెన్ పొడి కలిపిన రొట్టె నమలడానికి సాగుతున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో వయసు మళ్లినవారు ఉన్నారు. ఎత్తు కాస్త తగ్గినా మెత్తదనం ముఖ్యమనుకునేవారు ఆ పొడి జోలికి వెళ్లనక్కరలేదు. నీళ్లలో సగం తీసి పాలు పోయండి. పచ్చిపాలలోని ఒక ప్రోటీన్ పిండి పొంగును తగ్గిస్తుంది. మన ఇళ్లలో పాలు ఎలాగూ మరిగిస్తాము కనుక ఆ ఇబ్బంది తీరుతుంది. పూర్తిగా చల్లార్చి పోయాలి. అయితే రాత్రి టైమరు పెట్టి ఉదయానికి రొట్టె కావాలనుకునే రోజున పాలు, గుడ్లు వాడవద్దు. ఈ ఎండల్లో అవి గంటల తరబడి బయట ఉండకూడదు.

కాకినాడ_కామేశ్వరి
నాది వేరే సమస్య. రొట్టె చేసిన రోజు బాగుంటోంది. మరునాటికి లోపలి భాగం జిగురుగా మారి, బాగా మాగిన పండు వాసన వస్తోంది. విరిస్తే సన్నని దారాలు సాగుతున్నాయి. బూజు మాత్రం ఎక్కడా లేదు. ఈస్ట్ వాసన అనుకోవచ్చా?

బేకరీ_పెద్దాయన
అది ఈస్ట్ వాసన కాదు, కామేశ్వరి గారూ. ఆ రొట్టెను ఎవరికీ పెట్టకండి, పశువులకు కూడా వేయకుండా పారవేయండి. మా వృత్తిలో దీనిని 'రోప్' అంటారు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే సూక్ష్మజీవి బీజాలు పిండిలో ఉంటాయి. రొట్టె కాలినప్పుడు నడిమి భాగం వేడి నూరు డిగ్రీలు దాటదు కనుక ఆ బీజాలు చావవు. వేడి, తేమ రెండూ ఉన్న సముద్రతీరపు ఊళ్లలో, రొట్టె నిదానంగా చల్లారినప్పుడు అవి విజృంభిస్తాయి. వేసవిలో మా బేకరీలో అన్నింటికంటే భయపడింది దీనికే.

మెషీన్ గిన్నె, రెక్క, రొట్టె కోసే పీట, కత్తి, రొట్టె డబ్బా అన్నింటినీ కడిగి, వెనిగర్‌తో తుడిచి ఎండబెట్టండి. పాత పిండి మిగిలి ఉంటే వాడవద్దు. కొంతకాలం ప్రతి రొట్టెకు రెండు టీస్పూన్ల వెనిగర్ నీళ్లలో కలిపి వేయండి. పులుపు ఉన్నచోట ఆ జీవి పెరగదు, రుచిలో తేడా తెలియదు. రొట్టె కాలగానే గిన్నెలోంచి తీసి, జల్లెడ మీద గాలి తగిలేలా పెట్టి, పూర్తిగా చల్లారాకనే కోయాలి. మెషీన్‌లోనే, రొట్టెను వెచ్చగా ఉంచే 'కీప్ వార్మ్' మీద వదిలేస్తే ఈ జబ్బును మనమే పిలిచినట్టవుతుంది.

కాకినాడ_కామేశ్వరి
గంట సేపు అందులోనే వదిలేసేదాన్ని. ఈరోజే అన్నీ కడిగిస్తాను. ఇకమీదట చేసే మంచి రొట్టె మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

పాలకొల్లు_పద్మజ
ఫ్రిజ్‌లో పెడితే బూజు త్వరగా పట్టదు కాని రొట్టె త్వరగా గట్టిపడుతుంది. పిండిపదార్థం ఆ చల్లదనంలోనే వేగంగా బిగుసుకుంటుంది. ముక్కలు కోసి, గాలి చొరని సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినన్ని తీసి నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు.

మెహిదీపట్నం_నజీర్
ఈ చర్చ చదివాక మా ఇంట్లో కూడా ఒకటి తీసుకోవాలని అడుగుతున్నారు. నాన్నగారికి మధుమేహం ఉంది. పూర్తిగా గోధుమపిండితో మెషీన్‌లో రొట్టె నిలుస్తుందా, లేక ఇటుకలా వస్తుందా?

హనుమకొండ_వసంత
నిలుస్తుంది, నేను చేసేది అదే. మన మరపట్టిన గోధుమపిండిలో ప్రోటీన్ 11, 12 శాతం ఉన్నా, పొట్టు గ్లూటెన్ పోగులను తెంపుతుంది. రాతి మరలో పిండిపదార్థం దెబ్బతిని ఉంటుంది కనుక నీళ్లు ఎక్కువ పడతాయి: 400 గ్రాములకు 290 దాకా. పిండి, నీళ్లు మాత్రమే రెండు నిమిషాలు కలిపి, ఆపి, అరగంట నాననివ్వండి. ఆ తరువాత ఉప్పు, నూనె, ఈస్ట్, 20 గ్రాముల గ్లూటెన్ పొడి వేసి ప్రోగ్రాం మొదలుపెట్టండి. మైదా రొట్టె అంత ఎత్తు రాదు, కాని మెత్తగా ఉంటుంది. రాగి, జొన్న పిండ్లలో గ్లూటెన్ ఉండదు. మొత్తం పిండిలో ఐదో వంతు దాటించకండి. గోధుమ రొట్టె కూడా రక్తంలో చక్కెరను పెంచేదే కనుక నాన్నగారికి ఎన్ని ముక్కలు ఇవ్వవచ్చో ఆయన డాక్టరును అడగండి.

మెహిదీపట్నం_నజీర్
తప్పకుండా అడుగుతాను. రెక్క రొట్టెలో ఇరుక్కుపోకుండా ఏమి చేయాలి?

తెనాలి_అన్నపూర్ణ
రెక్క తగిలించే ముందు ఇరుసుకు కొంచెం నూనె రాయండి. చివరిసారి కలపడం అయిపోగానే, చేతికి నూనె రాసుకుని పిండిని పైకి ఎత్తి, రెక్క తీసేసి, పిండిని మళ్లీ గిన్నెలో సర్దితే రంధ్రం చిన్నదే మిగులుతుంది. ఒకవేళ గిన్నెలో బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట వదిలేయండి. ఇనుప గరిటెతో మాత్రం గీకవద్దు, నల్లని పూత లేచిపోతుంది.